స్ట్రాంగా, లైటా

యశ్వంతపురం మార్కెట్ వెనక
నిలబడి తాగే షాపులో
కౌంటర్ కుర్రాడు తలెత్తకుండా అడుగుతాడు:
"స్ట్రాంగా, లైటా?"
ఓబులేసు మామ జవాబు చెప్పడు.
రెండొందల నోటు బల్ల మీద పెడతాడు.
నోటే చెప్తుంది.

పీణ్యాలో లేత్ మిషన్ ముందు పన్నెండు గంటలు
ఇనప రజను మింగిన గొంతు అది.
"లైటంట! ఆ నీళ్లకైతే మా వీధిలో బోరింగుంది గదా" అంటాడు.
మూత కిందపడిన చప్పుడు ఆరకముందే
సగం సీసా.

నేను ఇందిరానగర్‌లో, నాలుగో అంతస్తులో,
బీరు కాచే చోట పనిచేస్తాను.
గాజు గొట్టంలో హైడ్రోమీటర్ వదిలి
ఎంత మునిగిందో రాసుకోవడం నా ఉద్యోగం.
మొదటిరోజు తీపిలో తేలుతూ ఉంటుంది.
ఈస్ట్ తినేకొద్దీ, రోజుకింత, కిందికి దిగుతుంది.
ఆ తేడాకి లెక్క కడితే శాతం.
శాతమంటే బలం కాదు మామా,
పోయిన తీపికి రసీదు, అన్నాను.
"రసీదు నాకెందుకు పాపా, సరుకియ్యి."

ఆదివారం ఇచ్చాను.
మత్తికెరెలో ఆయన గది పైన, మిద్దె మీద,
సింటెక్స్ ట్యాంకు నీడలో
కాంగ్రెస్ కడ్లేకాయల పొట్లం, మూడు స్టీలు గ్లాసులు.

మొదటిది నాలుగున్నర. గోధుమ బీరు.
మామ అనుమానంగా వాసన చూశాడు.
"అరటిపండు ఏసినారా?"
లేదు మామా, అది ఈస్ట్ చేసిన చిలిపి పని.
"లవంగం గూడా ఉండాది..."
మూడు గుటకలు మాట్లాడలేదు.
"బాగుంది. తాగినట్టే లేదు."

రెండోది ఆయనదే, ఎనిమిది.
కావాలనే అరగంట ఎండలో ఉంచాను.
చల్లదనం దిగిపోయాక
చక్కెర పాకం పైకొచ్చింది,
దాని వెనకే గోళ్లరంగు సీసా ఘాటు.
మామ మొహం చిట్లించాడు.
"ఇదేనా నేను పద్దెనిమిదేండ్లుగా తాగేది?"

నాకప్పుడు పాఠం చెప్పే ఊపొచ్చింది.
నాలుగులో ఆల్కహాల్ మర్యాదగా పక్కకు తప్పుకుని
గింజని మాట్లాడనిస్తుంది.
ఆరులో చేదుకి భుజం పట్టి, తీపికి ఒళ్లిస్తుంది.
ఏడు దాటిందా,
పెళ్లిలో మైకు దొరికిన బావమరిది.
ఇంకెవరి గొంతూ వినబడదు.
అందుకే దాన్ని ఐసులో పూడ్చి అమ్ముతారు,
నాలుక మొద్దుబారితే ఎవరికీ తెలియదని.

మామ ఓపికగా విన్నాడు.
కుడి మోకాలు చాచి, అరచేత్తో రుద్దుకుంటూ
"నేను తాగేది నాలుకతో గాదు పాపా" అన్నాడు.
"ఈ మోకాళ్లతో.
వీటికి అరటిపండు వాసనెందుకు?"

గింజ గురించి, ఈస్ట్ గురించి
నాకు తెలిసిందంతా
గ్లాసు అడుగున మడ్డిలా కూర్చుంది.

మూడోది పది శాతం.
చంద్రేగౌడ పోయిన దీపావళికి కాచి
తొమ్మిది నెలలు ఎవర్నీ ముట్టనివ్వలేదు.
మాడీ మాడని బెల్లం, ఖర్జూరం,
పాత చెక్కపెట్టె తెరిచినప్పటి గాలి.
వెచ్చదనం గొంతులో కాదు,
ఎక్కడో పక్కటెముకల కింద,
ఆలస్యంగా.
మామ అంగుళం గ్లాసుని ముప్పావుగంట తాగాడు.

"ఎనిమిది కరుస్తాది. పది కరవదా?"
ఎనిమిదికి టైమివ్వలేదు మామా.
"ఇది గ్లాసెంత?"
నాలుగొందల యాభై.
పొట్లంలో మిగిలిన కరివేపాకు ఏరుకుని నమిలాడు.
"అయితే టైమంటే దుడ్డే."

సోమవారం హైడ్రోమీటర్ మళ్లీ కొంచెం దిగింది.
రాసుకున్నాను.

శనివారం షాపులో అదే ప్రశ్న, అదే నోటు.
మామ మూత తీసి, నన్ను చూసి,
సీసా ముక్కు దగ్గర పెట్టుకున్నాడు
ఒక్క క్షణం.
మొదటిసారి చూశాను ఆయన వాసన చూసి తాగబోవడం.
తర్వాత సీసా కుర్రాడి ముందు పెట్టి అన్నాడు:
"ఇంకోటియ్యబ్బీ.
దీనికన్నా సల్లగుండాల."